బొబ్బిలి యుద్ధం తుపాకీ అంటూ అమ్ముతున్నారా? కొనే ముందు ఇవి చూడండి

"అన్నా, పాత తుపాకీ ఒకటి అమ్మకానికి వచ్చింది, బొబ్బిలి యుద్ధంలోదంట, కొనొచ్చా?" ఈ రకం ప్రశ్నలు మన వైజాగ్ వాళ్ల నుంచి బాగా వస్తున్నాయి. అందుకే ఈ ఎపిసోడ్.

కథ పక్కన పెట్టి, ముందు అది ఎలా పేలుతుందో చూడండి. బొబ్బిలి యుద్ధం 1757 జనవరిలో. మన పక్కనే ఉన్న పద్మనాభంలో యుద్ధం 1794 జులైలో. అప్పటి తుపాకీలు వెలిగించిన వత్తితోనో, చెకుముకి రాయితోనో పేలేవి. క్యాప్ మీద సుత్తి పడి పేలే పద్ధతి వాడుకలోకి వచ్చింది 1820ల తర్వాతే. సో, క్యాప్ తొడిగే చిన్న మొన కనిపిస్తే బొబ్బిలి కథ మీద డౌట్ పడాల్సిందే. తెలివైనవాడైతే "తర్వాత మార్పించారు సార్" అంటాడు. నిజంగా అలా మార్చేవారు కూడా. కానీ మారిస్తే పక్కనున్న ఇనుప పలకలో పాత స్క్రూ రంధ్రాలు పూడ్చిన గుర్తులుంటాయి. టార్చ్ వేసి వెతకండి.

అదే పలక మీద ముద్ర చూడండి. ఈస్టిండియా కంపెనీ వాళ్లది మొదట్లో గుండె ఆకారం, 1800ల తొలి ఏళ్ల తర్వాత కిరీటం పట్టుకుని నిలబడ్డ సింహం. 1858లో కంపెనీ పాలనే పోయింది. మరి సింహం కింద 1875 అని ఉంటే? దండం పెట్టి వచ్చేయండి.

తుప్పు గురించి స్టీల్‌ప్లాంట్ ఊరివాళ్లకి నేను చెప్పాలా! ఏళ్ల తరబడి పట్టింది ముదురు గోధుమ రంగులో, చోటుకో రకంగా ఉంటుంది. యాసిడ్ పోసి పట్టించింది అంతటా ఒకేలా నారింజ రంగులో ఉంటుంది. అసలుదైతే మాత్రం పాలిష్ పెట్టొద్దు, విలువ పడిపోతుంది. విలువంతా అసలు భాగాలు, చదవగలిగే ముద్రలు, చేతులు మారిన కాగితాల్లోనే ఉంది. కాగితం లేని కథకి నేనైతే రూపాయి ఎక్కువ ఇవ్వను.

"అల్లూరి తుపాకీ" అన్నా అంతే. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్లలో తీసుకెళ్లినవి పోలీసు ఆయుధాలు. పైపు ముక్కతో చేసిన నాటు తుపాకీకి ఆ పేరు తగిలిస్తే నమ్మకండి. అలాంటిది ఇంట్లో పెట్టుకుంటే కేసే.

అసలు చిక్కు ఇక్కడే. "యాంటిక్ కదా, లైసెన్స్ అక్కర్లేదు" అనేది సగం నిజం. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 45 ఇచ్చే మినహాయింపు, రిపేర్ చేసినా పేలనివాటికే. రిపేర్ చేస్తే పేలుతుందంటే, ఎంత తుప్పు పట్టినా లైసెన్స్ కావాలి.

చూడ్డానికి వెళ్తే ట్రిగ్గర్ ముట్టుకోవద్దు. పాతవాటిలో మందు, గుండు ఇంకా ఉండిపోయి ఉండొచ్చు. నిజంగా పేలదా అన్నది అమ్మేవాడి మాట మీద కాదు, లైసెన్సింగ్ అధికారి దగ్గర రాతపూర్వకంగా తేల్చుకోండి. అడ్వాన్స్ ఆ తర్వాతే.