పగలు సంగీతము, రాత్రి నక్షత్రములు

రెండు పడవలపై కాళ్లు పెట్టరాదని మన పెద్దలు చెప్పుచుందురు. గణితమునందు మొదటి మార్కులు తెచ్చుకొను బాలుడు సాయంకాలము వీణయో వయొలినో చేతబట్టి కూర్చున్నచో ఇంటివారు కొంతకాలము మురియుదురు. పరీక్షలు సమీపింపగనే వాద్యమును గుడ్డ చుట్టి అటకమీద పెట్టుమందురు. ఆ సలహాయందు అనుభవము లేకపోలేదు. ఎంతటి ప్రజ్ఞావంతునికైనను దినమునకు 24 గంటలే గదా!

అయినను ఒకవంక నక్షత్రముల భౌతిక స్వభావమును పరిశోధించుచు, ఒకవంక సంగీతసభలలో పియానో వాయించు యువశాస్త్రజ్ఞులు ఈనాడును లోకమున కలరు. అట్టివారిని చూచినపుడు మనము ఆశ్చర్యపడుదుము. ఈ పరంపరకు మూలపురుషుడని చెప్పదగినవాడు 18వ శతాబ్దమున ఇంగ్లండునందు నివసించిన విలియం హెర్షెల్. అతడు పగలు సంగీతముతో అన్నము సంపాదించుకొనెను; రాత్రులు ఆకాశమును శోధించెను; తుదకు సౌరకుటుంబమునకు ఒక క్రొత్త గ్రహమును చేర్చెను. ఈ రెండు విద్యలు ఒక్క మనుష్యునియందు ఎట్లు పొసగినవి? అందుకు చెల్లింపవలసి వచ్చిన వెల యెంత? దానిని చెల్లించినవారెవరు? ఈ ప్రశ్నలను గూర్చి ఈ పూట కొంత ముచ్చటించుకొందము.

హెర్షెల్ 1738 నవంబరు 15వ తేదీన జర్మన్ దేశములోని హానోవరు పట్టణమున జన్మించెను. తండ్రి ఐజాక్ సైనిక వాద్యబృందమున ఓబో అను సన్నాయి జాతి వాద్యమును వాయించువాడు. సంపద లేకున్నను ఆ యింట విద్యకు కొరత లేదు. రాత్రి భోజనములైన పిదప తండ్రికొడుకులు సంగీతమును గూర్చియు, తత్త్వశాస్త్రమును గూర్చియు, గ్రహగతులను గూర్చియు వాదించుకొనెడివారు. పదునాలుగేండ్ల ప్రాయముననే విలియము తండ్రి పనిచేయు బృందమున చేరెను. యుద్ధము వచ్చి ఫ్రెంచివారు హానోవరును ఆక్రమించిన 1757వ సంవత్సరమున, పందొమ్మిదేండ్లయినను నిండని ఆ యువకుడు ఇంగ్లండు చేరుకొనెను. అతని కప్పుడు ఆధారమైనది చేతిలోని విద్య యొక్కటియే.

మొదట స్వరలిపి ప్రతులను వ్రాసియిచ్చుచు, పిమ్మట ఊరూర పాఠములు చెప్పుచు, కచేరీలు చేయుచు అతడు క్రమముగా పేరు గడించెను. ఓబో, వయొలిన్, హార్ప్సికార్డు, ఆర్గన్ అను వాద్యములన్నిటియందును అతనికి ప్రవేశముండెను. హార్ప్సికార్డు పియానోకు పూర్వరూపము వంటిది. పియానోలో తంత్రులను చిన్న సుత్తులు కొట్టును. హార్ప్సికార్డునందు మెట్టు నొక్కగనే లోపలి కొక్కెము తంత్రిని మీటును. ఇంగ్లండున నిలదొక్కుకొన్న తొలి సంవత్సరములలోనే హెర్షెల్ 24 సింఫనీలను రచించెను. 1766లో బాత్ నగరమున ఆక్టగన్ ప్రార్థనాలయమునకు ఆర్గన్ వాద్యకారుడుగా నియమితుడయ్యెను. ధనికులు ఆరోగ్యస్నానములకును వినోదములకును వచ్చి నెలల తరబడి నిలిచెడి ఊరది. సంగీతజ్ఞునికి అంతకన్న మంచి స్థలము దొరకుట అరుదు. కొలది సంవత్సరములలోనే అతని వార్షికాదాయము సుమారు 400 పౌనులకు పెరిగెను.

ఇట్టి స్థితిలోనున్న మనుష్యుని దృష్టి ఆకాశమువంకకు మరలుటకు మార్గము చూపినది సంగీతమే. స్వరములు ఒకదానితోనొకటి ఏల కలియును, ఏల కలియవు అను ప్రశ్న అతనిని బాధించుచుండెను. దానికి సమాధానము వెదకుచు రాబర్టు స్మిత్ అను కేంబ్రిడ్జి పండితుడు స్వరసంవాదమును గూర్చి వ్రాసిన గణితగ్రంథమును చదివెను. అది రుచించుటచే ఆ పండితుడే కాంతిశాస్త్రముపై వ్రాసిన మరియొక గ్రంథమును తెప్పించుకొనెను. అందు దూరదర్శినులను నిర్మించు విధానము వివరింపబడియుండెను. శబ్దమునుండి గణితమునకు, గణితమునుండి కాంతికి, కాంతినుండి నక్షత్రములకు మెట్టుపై మెట్టుగా అతడు నడచెను. కావున అతని విషయమున రెండు పడవలను సామెత పూర్తిగా పొసగదు. ఒక పడవయే అతనిని రెండవ దానికడకు చేర్చినది.

1773వ సంవత్సరమున హెర్షెల్ మొదట అద్దెకు తెచ్చిన దూరదర్శినితో చూచి తృప్తిపడలేదు. తనకు కావలసినంత పెద్దదానిని కొనుటకు ధనము చాలలేదు. ఇక తానే చేసికొనవలెనని నిశ్చయించెను. ఆ కాలమున దూరదర్శినులలోని దర్పణములు గాజువి కావు. రాగియు తగరమును కలిపి కరిగించి పోతపోసి, ఆ బిళ్లను గంటలకొలది రాచి, ఇంచుకంతయు వంక లేని పుటాకారమునకు తేవలెను. మెరుగుపెట్టు చేయి నడుమ ఆగినచో పని చెడును. ఒకమారు హెర్షెల్ 16 గంటలు చేయి తీయక దర్పణమును రాచుచుండగా, చెల్లెలు కరోలిన్ అన్నము ముద్దలుగా అతని నోటికందించెను. ఉత్సాహము నిలుచుటకై కథలు చదివి వినిపించెను.

ఆ యిల్లు క్రమముగా కార్ఖానాగా మారిపోయెను. అతిథులు కూర్చుండవలసిన గదిలో వడ్రంగి పనిచేయుచుండెను. పడకటింటిలో సానయంత్రము తిరుగుచుండెను. సభకు ధరించిన సన్నని జాలరు చేతులు చినుగుటయో, కీలు మరకలు పడుటయో జరుగుచుండెను. 1781 ఆగస్టులో పెద్ద దర్పణమునకు పోతపోయుచుండగా మూస పగిలి, కరగిన లోహము నేలపై ప్రవహించెను. ఆ వేడికి నేలలో పరచిన రాతిపలకలు చిట్లి పైకెగసినవి. అన్నదమ్ములును పనివారును ప్రాణములు దక్కించుకొని వెలికి పరుగిడిరి.

బాత్ నగరమున సంగీతపు ఋతువు చలికాలము. చలికాలపు రాత్రులే దీర్ఘములు, పరిశోధనకు అనుకూలములు. అనగా రెండు విద్యలును ఒకే ఋతువును కోరుచుండెను. కొన్ని వారములలో అతడు ముప్పదికి పైగా సంగీతపాఠములు చెప్పెను. ఇవి గాక సభలును, ప్రార్థనాలయపు విధియు నుండెను. సభ నడుమ విరామము దొరకినపుడు వెలికి పోయి నక్షత్రములను చూచి, మరల వచ్చి వాద్యము ముందు కూర్చుండెడివాడని చెప్పుదురు.

1781 మార్చి 13వ తేదీ రాత్రి పది, పదకొండు గంటల నడుమ, బాత్‌లోని న్యూ కింగ్ వీథి 19వ నంబరు ఇంటి తోటలో అతడు వృషభ మిథునరాశుల సరిహద్దున నున్న నక్షత్రములను వరుసగా పరీక్షించుచుండెను. అందొకటి తక్కినవానికన్న పెద్దదిగా తోచెను. దూరదర్శినియొక్క శక్తిని 227 రెట్లనుండి 460కి, దానినుండి 932కు పెంచి చూచెను. నక్షత్రమైనచో ఎంత పెంచినను బిందువుగనే యుండవలెను. ఇది శక్తితోపాటు పెరిగినది. కొలది రోజులలో తావు మారినట్లును తెలిసెను. అతడు దానిని తోకచుక్క యనియే ప్రకటించెను. గణితజ్ఞులు కక్ష్యను లెక్కించి, అది శనికి ఆవల దాదాపు వృత్తాకారమున సూర్యుని చుట్టు తిరుగు గ్రహమని తేల్చిరి. అదియే యురేనస్. సూర్యుని ఒక్కసారి చుట్టివచ్చుటకు దానికి 84 సంవత్సరములు పట్టును. పురాతనకాలమునుండి శనియే చివరిదని నమ్మిన సౌరకుటుంబము ఒక్కరాత్రితో రెట్టింపు వెడల్పు గలదయ్యెను.

ఇది అదృష్టమని కొందరన్నారు. కాని ఈ గ్రహమును అంతకుముందు పలువురు చూచి నక్షత్రమని వ్రాసికొని పోయిరి. చూపునకును ఒక సాధన కలదని హెర్షెల్ ఒక మిత్రునికి వ్రాసెను. అంతటి శక్తిగల యంత్రములో చూడుమని అలవాటు లేనివానిని కోరుట, హాండెల్ రచించిన క్లిష్టకృతిని ఆర్గన్‌పై వాయింపుమని కోరుటవంటిదే యని అతని భావము. తాను చూచుటను ఎన్నో రాత్రులు అభ్యసించితినని చెప్పుకొనెను. వాద్యకారుడు గాని వానికి ఈ పోలిక తోచునా? సరళీవరుసలను వేలసార్లు వాయించిన చేయి, ఒకే ఆకాశభాగమును వందలసార్లు చూచుటకు విసుగుపడదు. సంగీతము అతనికిచ్చిన గొప్ప వరము ధనము కాదు, ఈ ఓర్పు.

ఇక వెల మాట. కరోలిన్ 1750లో జన్మించెను. పదేండ్ల వయస్సున విషజ్వరము సోకి ఆమె యెదుగుదల ఆగిపోయెను. తల్లి ఆమెను ఇంటిపనికే ఉంచదలచెను. 1772లో అన్న వచ్చి, గానము నేర్పింతునని ఇంగ్లండునకు తోడ్కొనిపోయెను. ఉదయము ఫలహారము వేళ ఆంగ్లమును, గణితమును, పద్దులు వ్రాయుటను నేర్పెను. ఆమె శ్రద్ధతో సాధనచేసి, 1778లో హాండెల్ రచించిన మెస్సయ్యలో ప్రధాన గాయనిగా పాడెను. బర్మింగ్‌హామ్ నగరపు ఉత్సవములలో పాడుమని పిలుపు కూడ వచ్చెను. అన్న నిర్వహింపని సభలో పాడనని ఆమె నిరాకరించెను. కాని అన్న అప్పటికే సభలకన్న దర్పణములకు ఎక్కువ కాలము వెచ్చించుచుండెను. ఆమె స్వరసాధనకు దక్కవలసిన గంటలు ప్రతులు వ్రాయుటకును, మూసలకు మట్టి జల్లించుటకును, నక్షత్రపట్టికలకును పోయెను. అన్నకు రెండు జీవితములు దొరకినవి. చెల్లెలికి తనదైన యొక్కటి చేజారినది. ఈ సంగతిని మరచి హెర్షెల్ ప్రజ్ఞను పొగడుట సగము కథను చెప్పుటయే యగును.

1782లో మూడవ జార్జి రాజు అతనికి సంవత్సరమునకు 200 పౌనుల వేతనమేర్పరచెను. సంగీతముపై వచ్చు దానిలో అది సగమే. అయినను హెర్షెల్ తటాలున అంగీకరించెను. ఆ యేటి పెంతెకొస్తు పండుగనాడు బాత్‌లోని ఒక ప్రార్థనాలయమున అన్న వాయింపగా చెల్లెలు పాడెను. జనులముందు వారి సంగీతమునకు అదియే చివరి దినము. రెండు పడవలలో ఒకదానిని విడువవలసిన వేళ వచ్చినపుడు అతడు లాభమును లెక్కింపలేదు. ఏది లేక తాను బ్రతుకలేడో దానిని ఉంచుకొనెను.

పిదప జరిగినది ఖగోళశాస్త్రపు చరిత్రయే. అతడు 2500 నీహారికలను, నక్షత్రగుచ్ఛములను జాబితాలకెక్కించెను. సూర్యుడు గ్రహములతో కూడ అంతరిక్షమున ప్రయాణము చేయుచున్నాడని 1783లో చూపెను. 1800లో ఉష్ణమాపకములతో పరారుణ కిరణములను కనుగొనెను. 1789లో 48 అంగుళముల దర్పణము గల 40 అడుగుల దూరదర్శినిని నిలిపెను. ఈ రాత్రులలో అతడు చూచి చెప్పుచుండగా వ్రాసికొన్నది కరోలినే. 1783 డిసెంబరు చివరి రాత్రి మంచుక్రింద దాగియున్న ఇనుప కొక్కెము కాలిలో దిగి మాంసము చీలినను, గాయము మానగనే ఆమె తిరిగి పనిలో కూర్చుండెను. 1786 మొదలు 1797 వరకు తానును ఎనిమిది తోకచుక్కలను కనుగొనెను. 1787లో ఆమెకు రాజు ఏడాదికి 50 పౌనులు వేతనముగా ఇచ్చెను. శాస్త్రపరిశోధనకై వేతనమందుకొన్న తొలి స్త్రీలలో ఆమె యొకతె. 1828లో లండను ఖగోళశాస్త్ర సంఘము స్వర్ణపతకమిచ్చి గౌరవించెను. అన్న 1822లో గతించెను. ఆమె 1848 వరకు, 97 సంవత్సరములు జీవించెను.

దీనికి ఎదురుదారి నడచినవాడును ఒకడు కలడు. 1947లో జన్మించిన బ్రయన్ మే లండనులోని ఇంపీరియల్ కళాశాలలో గ్రహముల నడుమ వ్యాపించిన ధూళిని పరిశోధించుచుండెను. అతడు గిటారు వాయించు క్వీన్ అను బృందమునకు ప్రసిద్ధి రాగా 1974లో పరిశోధన నిలిపివేసెను. మూడు దశాబ్దములకు పిమ్మట అదే విషయమును మరల చేపట్టి, 2007లో సిద్ధాంతవ్యాసము ముగించి డాక్టరు పట్టమునందుకొనెను. అటకమీద పెట్టినది ఆరిపోవలెనను నియమము లేదని ఇతని జీవితము తెలుపుచున్నది.

రెండు విద్యలనభ్యసించు యువకునికో యువతికో మనమేమి చెప్పవలెను? రెండును ఒకే సాధనగుణమును కోరునవైనచో ఒకటి మరియొకదానికి శత్రువు కానక్కరలేదు. కాని కాలము అందరికిని ఒకే కొలత. ఒకరు 16 గంటలు దర్పణమునుండి చేయి తీయకున్నచో, మరియొకరు ముద్ద కలిపి అందింపవలసియుండును. మన యిండ్లలో ఒక బిడ్డ ప్రజ్ఞను చూచి మురియునపుడు, ఆ ప్రజ్ఞకు దీపము పట్టి నిలిచినదెవరో వెనుదిరిగి చూచుట మంచిది. ఆ చేతులకును ఒక వాద్యముండవచ్చును. ఆ కన్నులకును ఒక నక్షత్రము కనబడుచుండవచ్చును.