వృద్ధాశ్రమమున వేడుక
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున, షాద్‌నగరు ప్రాంతపు వృద్ధాశ్రమమునకు పోయి అచ్చటి పెద్దలతో ఒక దినము వేడుక జరుపవలెనని కార్యవర్గమువారు నిశ్చయించిరి. ఆ దినమున ఏ యే వినోదములు తగునో చెప్పుమని నన్నడిగిరి. నేను గ్రామపు లెక్కలు వ్రాసికొనువాడను. ఈ గ్రంథాలయపు బల్లకడ నాలుగు పద్యములు చదువుకొంటినే గాని గురుముఖమున కావ్యములు నేర్చినవాడను కాను. తెలిసినంత మేరకు మనవి చేసెదను.

ఇట్టి వేడుకలు సాధారణముగ ఎట్లు జరుగునో మీరెరుగుదురు. శాలువ కప్పుదురు, పండ్లు పంచుదురు, ఉపన్యసింతురు, ఛాయాచిత్రము తీయించుకొని మరలుదురు. పెద్దలు వరుసగ కూర్చుండి చప్పట్లు కొట్టుదురు. ఒక ఆశ్రమమున శాలువ కప్పబోయిన యువకునితో ఒక తాత యిట్లనగా నేను వింటిని: “శాల్వలు ఏడున్నయి బిడ్డా, నాతోని పచ్చీసు ఆడెటోడు ఒక్కడు లేడు.” నేను చెప్పదలచినదంతయు ఆ మాటలోనే యున్నది. ఇచ్చుట మన వంతును, పుచ్చుకొనుట వారి వంతును అయినంతకాలము అది మన వేడుకయే గాని వారిది కానేరదు.

భారతమున భీష్ముని తలచుకొనుడు. అంపశయ్యపై కదలలేక యుండెను. ధర్మరాజు ఆయనకడకు సందేహములతో పోయెను. శాంతి, ఆనుశాసనిక పర్వములు ఆ ప్రశ్నలకు వచ్చిన సమాధానములే. అడుగువాడుండుటచేత ఆ శయ్య గురుపీఠమయ్యెను. మనము కూడ ప్రదర్శించుట తగ్గించి, అడుగుట పెంచవలెను.

ఈ తలంపు మనదేశమునకే పరిమితము కాదు. జపానులో హ్యోగో మండలమందలి యొక పల్లె 1947లో సెప్టెంబరు 15వ తేదీని పెద్దల దినముగ జరుపుకొనెను. పెద్దల తెలివిని అరువు తెచ్చుకొని ఊరిని బాగుచేసికొందమనుట ఆ పల్లెవారి సంకల్పము. 1966 నాటికి అది ఆ దేశమంతటికి సెలవుదినమయ్యెను. ఒక పల్లెకు సాధ్యమైనది మన పల్లెకేల కాదు?

ఇక వినోదముల మాట. మొదటిది పాట. పెద్ద యంత్రము పెట్టి సినిమాపాటలు మ్రోగించినచో చెవి మందగించినవారికి అది రొద మాత్రమే. నాటు వేయుచు, తిరుగలి విసరుచు, బతుకమ్మ చుట్టు తిరుగుచు పాడిన పాటలు మన అవ్వల కంఠములలో నున్నవి. మన ఆడపడుచులు ఒక చరణ మెత్తుకొని, “అవ్వా, దీని తర్వాత ఏమొస్తది?” అని యడిగిన చాలును.

రెండవది ఆట. పచ్చీసు, పులిజూదము, వామనగుంటలు. క్రింద కూర్చుండలేనివారికి బల్లపై సుద్దముక్కతో గడులు గీయవచ్చును. గవ్వలు, చింతగింజలు మన యిండ్లనుండి తీసికొనిపోవచ్చును. బడిపిల్లలను వారికెదురుగ కూర్చుండబెట్టుడు. పెద్దలని జాలిపడి ఓడిపోవలదని మాత్రము పిల్లలకు చెప్పుడు. జాలితో వచ్చిన గెలుపును వారిట్టే కనిపెట్టుదురు.

మూడవది లెక్క. 1957 ఏప్రిల్ 1వ తేదీన నయాపైసలు వచ్చుటకు ముందు రూపాయికి పదునారణాలు. ధాన్యమునకు తూములు, పుట్లు. పుట్టికి ఇరువది తూములు. పిల్లలు కాగితముపై, పెద్దలు నోటితో లెక్కకట్టు పందెము పెట్టినచో ఎవరు ముందు చెప్పుదురో చూతము.

నాలుగవది జ్ఞాపకము. పాలమూరు మట్టిపనివారు ఎన్నియో ఆనకట్టలకు, కాలువలకు మన్నెత్తిరి. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరపు చిత్రపటము నొకటి చూపి, “ఇట్టిచోట పనిచేసినవారెవరైన నున్నారా?” అని అడుగుడు. చెప్పినది చెప్పినట్లు విద్యార్థులు వ్రాసికొనవలెను. మన సీమవారగు సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రమున పూర్వుల ఆటపాటలను, ఆచారములను ప్రాచీన కావ్యములనుండి ఏరి కూర్చిరి. మనకు కావ్యములు వెదకు శ్రమ లేదు. చెప్పువారు ఎదుటనే యున్నారు.

అయిదవది వేయి పున్నముల పండుగ. సహస్ర చంద్రదర్శనమని మనవారు చేయు ఉత్సవమును మీరెరుగుదురు. పున్నమికి పున్నమికి నడుమ ఇరువదితొమ్మిదిన్నర దినములకు స్వల్పముగ నెక్కువ. ఆ లెక్కన వేయి పున్నములకు ఎనుబదియేండ్ల పది నెలలు పట్టును. పుట్టిన తేది తెలియనివారు పలువురుందురు. “రజాకార్లనాడు నేను నడక నేర్చితిని” అన్నచో, 1948ని పట్టుకొని వయస్సు కట్టుట మా లెక్కలవారి పని. పున్నమి సాయంకాలమున ఆరుబయట వారిని కూర్చుండబెట్టి, పాయసము పెట్టి, వారి దీవెన లందుకొందము. చక్కెరవ్యాధి గలవారికి వేరు ఫలహార ముండవలెను.

కొన్ని జాగ్రత్తలు. వేడుక గంటన్నరకు మించరాదు. మంచము దిగలేనివారి కడకు మనమే పోవలెను. అడుగక ఛాయాచిత్రము తీయరాదు. “మీ కొడుకులు రారా?” అను ప్రశ్న ఎవ్వరును వేయరాదు. ఆ యొక్క మాట దినమంతటి సంతోషమును చెరుపును.

2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టమున, నిరుపేదలగు వృద్ధులు నూటయేబదిమందికి తగ్గకుండ తలదాచుకొనగల ఆశ్రమము జిల్లాకొకటియైన నెలకొల్పవచ్చునని పందొమ్మిదవ సెక్షను చెప్పుచున్నది. చట్టము కూడు పెట్టగలదు, గూడు కట్టగలదు. పోయి పలుకరించుట మాత్రము మనవంటివారు చేయవలసిన పని.

కావున ఒక్క దినముతో ముగింపవలదని నా ప్రార్థన. శాలువలకై యుంచిన సొమ్మును ప్రయాణపు ఖర్చులకు మార్చి, ప్రతి నెల రెండవ ఆదివారము ఇద్దరు చందాదారులు వంతులవారీగ ఆశ్రమమునకు పోవలెను. ఒక పుస్తకము చదివి వినిపింపవలెను; ఒక కథ విని వ్రాసికొని రావలెను. ఏడాది తిరుగునప్పటికి నిండిన ఆ వ్రాతపుస్తకమునకు సంఖ్య వేసి మన గ్రంథాలయపు పట్టికలో చేర్చవలెను. దానిపై రచయితల పేళ్ళుగ, వారు సమ్మతించినచో, ఆ పెద్దల పేళ్ళే యుండవలెను. మొదటి నెల వంతు నాదిగ వ్రాసికొనుడని కార్యదర్శిగారిని కోరుచున్నాను.