తగిన భారము



మన విడవలూరు వైపు కోతల కాలంలో ట్రాక్టరు వెనక ధాన్యపు ట్రక్కు పోవడం చూసే ఉంటారు. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. మూడు పుట్లకు తగిన బండికి ఐదు పుట్లు ఎత్తినా, చదునైన రోడ్డు మీద లాగుతుంది. లాగింది గదా అని సంతోషిస్తాము. అయితే కాలువ కట్ట ఎక్కేటప్పుడు ముందు చక్రాలు పైకి లేస్తాయి, స్టీరింగు మాట వినదు. కట్ట దిగేటప్పుడు వెనకనున్న బరువే ట్రాక్టరును నెడుతుంది. చాలా ట్రక్కులకు సొంత బ్రేకులుండవు, ఆపవలసింది ట్రాక్టరే. అందుకే అనుభవం గల డ్రైవరు “లాగుతుందా?” అని మాత్రమే గాక, “ఆగుతుందా?” అని కూడా చూస్తాడు.

ప్రియులారా, మన ఇండ్లలో ఏమి చేస్తున్నాము? సంపాదించే ఒక్క కుమారుని మీద ఇంటి అప్పు, చెల్లెలి పెండ్లి, రొయ్యల గుంట నష్టం అన్నీ ఎత్తుతున్నాము. నవ్వుతూ లాగుతున్నాడు గదా అనుకుంటున్నాము. అతడు దిగవలసిన కట్ట ఎక్కడుందో మనకు తెలుసా?

ఎద్దును, గాడిదను ఒకే కాడికి కట్టవద్దని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం బోధిస్తున్నది. బలం సమానం కానిచోట బలహీనమైనది నలిగిపోతుందని దేవునికి తెలుసు. ఒకరి బరువు ఒకరు పంచుకోవాలని గలతీ పత్రిక 6వ అధ్యాయంలో పౌలు నేర్పాడు.

ఈ రాత్రి మీ బిడ్డను దగ్గరకు పిలిచి, “నాయనా, బరువెక్కువైందా?” అని అడగండి. రెండు బస్తాలు మీరు దించుకోండి. మిగిలినది లాగడానికి ప్రభువే కాడి పక్కన నిలుస్తాడు. ఆమేన్.