చివరి ట్రిప్పు



1932లో నిజాం రాష్ట్రంలో 27 బస్సులతో మొదలైన సర్వీసు మనది. కాజీపేట, హనుమకొండ, వరంగల్లు మూడింటినీ ఒక్క ఊరు చేసింది లోకల్ బస్సే. అందులో నేను కండక్టరుగా చేశాను.

ఒక రాత్రి కాజీపేటలో రైలు ఆలస్యమైంది. ఇల్లు చేరే తొందరలో చివరి ట్రిప్పుకు టైము ప్రకారం 'రైట్' చెప్పేశాను. వెనక్కి చూస్తే చంకన పిల్లవాడితో ఒక తల్లి పరుగెత్తుకొస్తోంది. బెల్లు కొట్టలేదు. ఎవరూ నన్ను తప్పు పట్టలేదు. నేనే మరచిపోలేకపోయాను.

2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలైంది. సంతోషం. కానీ రాత్రి బస్సే లేకపోతే జీరో టిక్కెట్టు ఎవరికి ఇస్తాం? చివరి ట్రిప్పును కలెక్షనుతో కొలవవద్దని పెద్దలకు నా మనవి.

సెలవు.