అంగడి పేరున్న పైసలు



చిల్లర లేదంటూ మన కుల్కచర్ల దుకాణాల్లో చేతిలో చాక్లెట్ పెట్టేవాళ్లు కదా! 1862లో అమెరికాలో అంతర్యుద్ధానికి భయపడి జనం నాణేలు దాచుకున్నారు. షాపులవాళ్లు సెంటు సైజులో సొంత రాగి బిళ్లలు కొట్టించారు. వాటిమీద షాపు పేరు, ఊరు. చిల్లరా అదే, ప్రచారమూ అదే. నేను సేకరించేది ఇవే.

రాగి విలువ తక్కువ. బిళ్ల చెల్లేది సేటు మాట మీదే. న్యూయార్క్‌లో లిండెన్‌ముల్లర్ అనే బీరు దుకాణదారు పది లక్షలకు పైగా వదిలాడంటారు. టికెట్ల కింద అవి పోగుపడ్డ గుర్రపు ట్రాము కంపెనీ మార్చివ్వమంటే, కుదరదన్నాడు! 1864లో చట్టం తెచ్చి ప్రభుత్వం అన్నింటినీ ఆపేసింది. మాట నిలబెట్టుకున్న సేట్ల బిళ్లలూ వాటితోపాటే పోయాయి.

కొన్ని తెచ్చాను, చూడండి. తిరిగివ్వాలి సుమా!