మైక్ కొనే ముందు ఇంట్లో బొంతలు లెక్కపెట్టండి

ఈ ఎపిసోడ్ ఒక మెసేజ్ వల్ల చేస్తున్నాను. ఆదోని నుంచి ఒక తమ్ముడు రాశాడు. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను. వాళ్ల తాత యెమ్మిగనూరు పక్కన పల్లెలో ఉంటాడు. తంబూర మీటుతూ తత్వాలు పాడతాడు. ఆయనతో పాటు హార్మోనియం ఒకరు, డోలక్ ఒకరు, తాళాలు ఇద్దరు. తాతకి ఇప్పుడు ఆయాసం. ఒక పూటకి రెండు పాటలు, మహా అయితే మూడు. ఆ పైన గొంతు లేవదు.

"అన్నా, ఆయన పాడగలిగినప్పుడే పట్టుకోవాల. ఈఎంఐలో పెద్ద కండెన్సర్ మైక్ తీసుకుంటాండా. ఏది తీసుకోవాలో ఒక్క పేరు చెప్పు." ఇదీ మెసేజ్.

ఒక్క పేరు చెప్పి వీడియో ముగించొచ్చు. కానీ ఆ మెసేజ్‌తో పాటు ఫోన్లో రికార్డ్ చేసిన ఒక పాట కూడా పంపాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నాలుగుసార్లు విన్నా. అది విన్నాక నాకు అర్థమైంది ఏందంటే, తమ్ముడూ, నీకున్న సమస్య మైక్ ఖరీదు కాదు.

ఆ ఫైల్‌లో ఏం జరుగుతోందో చెప్తా. డోలక్ దెబ్బ పడినప్పుడల్లా తాత గొంతు లోపలికి వెళ్లిపోతోంది. దెబ్బ ఆగగానే గొంతు, ఫ్యాను, బయట బండి చప్పుడు అన్నీ ఒక్కసారిగా పైకి లేస్తున్నాయి. ఇది ఫోన్‌లో ఉండే ఆటోమేటిక్ గెయిన్ కంట్రోల్ పని. పెద్ద శబ్దం వస్తే తగ్గిస్తుంది, చిన్నది వస్తే పెంచుతుంది. ఫోన్ కాల్‌కి అది బంగారం, పాటకి విషం.

ఇంకోటి, తంబూర. మొదటి రెండు మూడు సెకన్లు బాగా వినబడి, తర్వాత పలచబడి, దాదాపు మాయమైంది. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినవాణ్ణి కాబట్టి దీని వెనక లాజిక్ నాకు కొంచెం నవ్వు, కొంచెం కోపం తెప్పిస్తుంది. ఫోన్‌లో నాయిస్ సప్రెషన్ అని ఒకటి ఉంటుంది. మారకుండా ఒకే తీరుగా సాగే శబ్దాన్ని అది "నాయిస్" అనుకుంటుంది, అంటే ఫ్యాను, ఏసీ, ఇంజను లాంటివి. మరి తంబూర చేసే పని ఏంటి? ఒకే శ్రుతిని ఆగకుండా పలకడం. ఫోన్ దృష్టిలో మీ తాత శ్రుతి, సీలింగ్ ఫ్యాను ఒకటే.

కాబట్టి రూపాయి ఖర్చు లేకుండా చేయాల్సిన మొదటి పని ఇది. మామూలు వాయిస్ రికార్డర్ పక్కన పెట్టండి. ఆండ్రాయిడ్‌లో 7వ వెర్షన్ నుంచి "అన్‌ప్రాసెస్డ్" అనే ఆడియో సోర్స్ ఉంది. కొన్ని రికార్డింగ్ యాప్‌లు, ఓపెన్ కెమెరా లాంటి కెమెరా యాప్‌లు సెట్టింగ్స్‌లో దాన్ని ఎంచుకోనిస్తాయి. అన్ని ఫోన్లూ దాన్ని సరిగ్గా ఇవ్వవు, పెట్టి చూసుకోవాలి. ఫైల్ డబ్ల్యూఏవీలో, 48 కిలోహెర్ట్జ్‌లో. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ మైక్ మాత్రం వద్దే వద్దు. అది కాల్ క్వాలిటీకే దిగిపోతుంది, తాళాల మెరుపు మొత్తం పోతుంది.

సరే, ఇప్పుడు గది. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు మాట్లాడతా, ఎందుకంటే యూట్యూబ్‌లో మైక్ రివ్యూలు చేసేవాళ్లు అమెరికాలోనో బెంగళూరులోనో ఫోమ్ కొట్టిన గదిలో కూర్చుని చేస్తారు. మన వైపు ఇళ్లు అట్లా ఉండవు. కింద బండలు, చుట్టూ గట్టి గోడలు, పైన స్లాబు. చప్పట్లు కొడితే "టంగ్" అని మోగుతుంది. ఆ గదిలో ఎంత పెద్ద మైక్ పెట్టినా ఆ "టంగ్"నే ఇంకా శుభ్రంగా రికార్డ్ చేస్తుంది. కండెన్సర్ అయితే మరీ నిజాయితీగా చేస్తుంది.

నేల బండ చేసే అన్యాయం ఒకటి చెప్తా. హార్మోనియం నుంచి శబ్దం మైక్‌కి నేరుగా ఒకసారి వస్తుంది. నేలకి తగిలి ఇంకోసారి వస్తుంది. ఆ రెండో దారి 34 సెంటీమీటర్లు ఎక్కువ అనుకోండి. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది కాబట్టి అది 1 మిల్లీసెకను ఆలస్యంగా చేరుతుంది. 500 హెర్ట్జ్ దగ్గర ఒకటి పైకి పోతుంటే ఇంకోటి కిందికి వస్తుంది, రెండూ కొట్టుకుని బలం పోతుంది. 1500 దగ్గర కూడా అంతే, 2500 దగ్గర కూడా అంతే. డబ్బాలో వాయించినట్టు ఉంది అంటాం చూడండి, దానికి ఒక కారణం ఇదే.

దీనికి మందు మన ఊళ్లోనే ఉంది. ఆదోని అంటే పత్తి. యార్డుకి ఏ ఊరి నుంచి పత్తి వస్తుందో, జిన్నింగ్ మిల్లులు ఎన్ని ఉన్నాయో నాకంటే మీకే బాగా తెలుసు. పాత చీరలతో కుట్టిన బొంతలు, పత్తి పరుపులు లేని ఇల్లు ఉందా? శబ్దాన్ని పీల్చేది మెత్తటి, మందమైన, గాలి దూరే వస్తువు. బొంత సరిగ్గా అదే. యెమ్మిగనూరు వాళ్లకి నేత గురించి నేను చెప్పాల్సిన పని లేదు, 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు. కానీ ఒక మాట, దుప్పటి చాలదు. పలచగా ఉండే బట్ట పై స్థాయి శబ్దాన్ని మాత్రం కొంచెం తగ్గించి వదిలేస్తుంది. బొంత రెండు మడతలు వేసి, గోడకి అంటించకుండా ఒక జానెడు ఎడంగా దండెం మీద వేలాడదీయండి. ఆ ఖాళీ వల్ల అది ఇంకొంచెం కింది స్వరాల దాకా పనిచేస్తుంది. నేల మీద జంపఖానా, దాని కింద ఇంకో బొంత. పాడే మనిషి వెనక ఒకటి, పక్కన ఒకటి.

డోలక్ బొమ్మలో వచ్చే "ధుమ్" మాత్రం దీనికి లొంగదు. 100 హెర్ట్జ్ శబ్దపు అల పొడవే మూడు మీటర్ల పైన ఉంటుంది, దాన్ని బొంత ఏం ఆపుతుంది? దానికి డోలక్‌ని గది మూల నుంచి ముందుకు జరపడమే దారి. ఇక కోడిగుడ్ల అట్టలు అంటించేవాళ్లకి నమస్కారం. అవి గోడని ముతకగా చూపిస్తాయి, శబ్దాన్ని పీల్చవు.

గది కుదరకపోతే వేపచెట్టు కింద కూర్చోండి. నేను నిజంగానే చెప్తున్నా. బయట గోడలు లేవు కాబట్టి మారుమోత లేదు. తెల్లవారుజామున ఐదింటికి మగ్గాలు మొదలవ్వవు, బండ్లు తిరగవు, ఫ్యాను అవసరం లేదు. పిచ్చుకలు పడితే పడనీ. మైక్‌కి గాలి తగలకుండా స్పాంజ్ తొడుగు మాత్రం తప్పదు. ఆదోని టౌన్‌లో అయితే గుంతకల్లు, రాయచూరు మధ్య రైళ్లు ఏ టైముకి పోతాయో చూసుకోండి, ఆ హారన్‌ని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ తీసేయలేదు.

ఇప్పుడు మైక్. రెండు రకాలు తెలిస్తే చాలు. డైనమిక్ మైక్‌లో పల్చటి పొర వెనక తీగ చుట్ట ఉంటుంది, అది అయస్కాంతం మధ్య కదిలి కరెంట్ పుట్టిస్తుంది. మొరటుది, గట్టిది, కరెంట్ సప్లై అక్కర్లేదు. షూర్ ఎస్ఎం57 అనేది 1965 నుంచి వస్తోంది, ఈ రోజుకీ డ్రమ్ముల ముందు అదే పెడుతున్నారు. కండెన్సర్‌లో తీగ చుట్ట లేదు, పొర చాలా తేలిక, అందుకే చిన్న చిన్న వివరాలు పడతాయి. దానికి మిక్సర్ నుంచో ఇంటర్‌ఫేస్ నుంచో 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఇవ్వాలి. మీ ఫోన్‌లో ఉన్న మైక్ కూడా కండెన్సర్ జాతిదే, మరీ చిన్నది.

"డైనమిక్ అయితే గది శబ్దం పట్టదు" అని కామెంట్లలో చాలామంది రాస్తారు. అది సగం నిజం. దాన్ని మూతికి ఆనించి వాడతాం కాబట్టి గది తక్కువ వినిపిస్తుంది, అంతే. రెండూ కార్డియాయిడ్ అయి, ఒకే దూరంలో పెట్టి, ఒకే లెవెల్‌కి తెస్తే, గది రెండింట్లోనూ దాదాపు అంతే ఉంటుంది. దూరమే అసలు లెక్క. కార్డియాయిడ్ అంటే ముందు వైపు వినేది, వీపు వైపు చెవుడు. ఆ చెవుడు వైపుని వీధి తలుపు వైపు తిప్పండి. చాలామంది మైక్‌ని ఎటు చూపించాలా అనే ఆలోచిస్తారు, వీపు ఎటు పెట్టాలా అని కూడా ఆలోచించండి.

తమ్ముడి తాత పాటకి వస్తా. ఒకే మైక్ ఉంది అనుకుందాం. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ పాట రికార్డ్ చేసినప్పుడు మైకే లేదు, ఒక కొమ్ము బూర ఉండేది. 1925లో ఎలక్ట్రికల్ రికార్డింగ్ వచ్చేదాకా అదే పద్ధతి. మిక్సర్ లేదు, ఫేడర్ లేదు. ఎవరి శబ్దం తగ్గాలంటే వాళ్లని వెనక్కి జరిపేవాళ్లు. మనమూ అదే చేద్దాం. బయట దూరం రెట్టింపు చేస్తే శబ్దం 6 డీబీ తగ్గుతుంది. గదిలో అంత తగ్గదు గానీ, తగ్గుతుంది.

తాత ముందు మైక్, రెండు జానల దూరం, ఛాతీ ఎత్తులో. మొహానికి సూటిగా కాకుండా, నోటికీ తంబూర తీగలకీ మధ్యలోకి చూడాలి. గొంతు ఎక్కువైతే మైక్ అర జాన కిందికి, తంబూర ఎక్కువైతే పైకి. హార్మోనియం పక్కన మీటరున్నర దూరంలో. తిత్తి వైపు మైక్‌కి దూరంగా, మెట్ల వైపు మైక్‌కి చూస్తూ ఉండాలి, లేకపోతే ఊపిరి తీసినట్టు చప్పుడు పడుతుంది. డోలక్ ఇంకాస్త వెనక. తాళాలు వాయించే ఇద్దరూ అందరికంటే వెనక, మైక్ అంచుకి. తాళాలు చూడ్డానికి చిన్నవి, రికార్డింగ్‌లో అందర్నీ మింగేసేవి అవే. పెద్దవాళ్లు కదా, "వెనక్కి జరుగు" అనడానికి మొహమాటం. ముందురోజే ఇంటికి వెళ్లి టీ తాగుతూ చెప్పండి, రికార్డింగ్ పొద్దున చెప్తే అలుగుతారు.

రెండో మైక్ దొరికితే? ఊళ్లో పెళ్లిళ్లకి మైక్ సెట్ పెట్టేవాళ్ల దగ్గర డైనమిక్ మైకులు, చిన్న మిక్సర్ ఉంటాయి. ముహూర్తాలు లేని రోజు ఒక పూటకి అడగండి. ఆ రెండోది డోలక్‌కి పెట్టండి. రెండు మైకుల మధ్య దూరం, మైక్‌కీ వాద్యానికీ ఉన్న దూరానికి మూడు రెట్లన్నా ఉండాలి. డోలక్‌కి రెండు వైపులా రెండు మైకులు పెట్టేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. ఒక చర్మం లోపలికి పోతే, లోపలి గాలి రెండో చర్మాన్ని బయటికి తోస్తుంది. రెండు మైకులూ కలిపితే "ధుమ్" బలహీనపడొచ్చు. మిక్సర్‌లోనో యాప్‌లోనో ఒకదానికి ఫేజ్ తిప్పే బటన్ నొక్కి, ఏది నిండుగా ఉందో వినండి. డోలు, మృదంగం కూడా అంతే.

కామెంట్లలో డప్పు గురించి అడిగారు, పీర్ల పండక్కి రికార్డ్ చేస్తారంట. డప్పుకి మైక్ నాలుగైదు అడుగుల దూరం, డైనమిక్ అయితే మేలు. అసలు సంగతి మంట. గడ్డి మంటకి కాచినప్పుడు చర్మం బిగుస్తుంది, కాసేపటికి సడలి స్వరం దిగుతుంది. లెవెల్ చూసుకోవడం చల్లగా ఉన్నప్పుడే అవగొట్టి, కాచిన వెంటనే రికార్డ్ నొక్కండి. సన్నాయి, నాదస్వరం వాళ్లు గొట్టం చివర మైక్ పెట్టమంటారు, పెట్టొద్దు. స్వరం రంధ్రాల నుంచి కూడా వస్తుంది, మీటరు దూరంలో గొట్టం మధ్యకి చూపించండి.

లెవెల్ విషయం: అన్నిటికంటే గట్టి దెబ్బ మీటర్‌లో మైనస్ 12 దగ్గర ఆగాలి. 24 బిట్‌లో రికార్డ్ చేస్తే తక్కువగా పడ్డా తర్వాత పెంచుకోవచ్చు. పైన చీలిపోయిన శబ్దం తిరిగి రాదు.

ఇక తమ్ముడూ, ఈఎంఐ. ఈ నెల వద్దు. తాత ఆయాసం మైక్ డెలివరీ కోసం ఆగదు. ఈ ఆదివారం ఫోన్‌నే అన్‌ప్రాసెస్డ్‌లో పెట్టి, బొంతలు కట్టి, నేను చెప్పిన చోట కూర్చోబెట్టి ఒక పాట తీసుకో. టెస్టింగ్ అని తాతతో పాడించొద్దు, ఆయన చోట నువ్వు కూర్చుని పాడు, ఎంత ఘోరంగా పాడినా పర్లేదు. లెవెల్ నీ గొంతు మీద చూసుకుని, ఇంకొంచెం తగ్గించి పెట్టు. తాత వచ్చి కూర్చోకముందే రికార్డ్ నొక్కేయి, పాట అయ్యాక కూడా ఆపొద్దు. పాటకీ పాటకీ మధ్య ఆయన ఈ తత్వం ఎవరి దగ్గర నేర్చుకున్నాడో, ఏ మాటకి అర్థం ఏంటో చెప్తాడు కదా, అది కూడా పడాలి. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టు. అయ్యాక ఫైల్ ఇంకో రెండు చోట్ల కాపీ చేసి, ఆ తర్వాతే నాకు పంపు. వాట్సాప్‌లో ఆడియోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపు.

అది విన్నాక కూడా తంబూర సన్నగానే ఉంటే, అప్పుడు మైక్ పేరు మాట్లాడుకుందాం.