జనాజాకు ముందే ఆ గడప తొక్కుదాం

(వార్షిక సర్వసభ్య సమావేశంలో సొసైటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)





మన మొహల్లాల్లో ఎవరైనా చనిపోతే, కఫన్‌కు డబ్బులేక జనాజా ఆగిపోయిందన్న మాట మేం ఎన్నడూ వినలేదు. కబురందిన గంటలో మనుషులు చేరతారు. భుజం పట్టడానికి పోటీ పడతారు. అల్‌హందులిల్లాహ్, అది మంచి అలవాటే. కానీ ఆ మనిషి అంతకుముందు రెండేళ్లు ఇంట్లో ఒక్కడే ఎలా గడిపాడని అడిగితే మనలో చాలామంది తల దించుకోవాలి. చివరి రోజు ఖర్చుకు మన దగ్గర నిధి ఉంది. దానికి ముందు రోజులకు లేదు. ఈ ఏడు మేం అడిగేది ఆ నిధి కోసమే.

విశాఖ పనికోసం వచ్చినవాళ్ల ఊరు. 1933లో పోర్టు తెరిచారు, తర్వాత షిప్‌యార్డు, రిఫైనరీ, ఉక్కు కర్మాగారం వచ్చాయి. వాటిని నమ్ముకుని ఇక్కడ ఇల్లు కట్టుకున్నవాళ్లు ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు. పిల్లలు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, గల్ఫ్‌లోనో ఉన్నారు. వాళ్లను తిట్టి ప్రయోజనం లేదు, మన తాతతండ్రులూ అన్నం దొరికే చోటికే వచ్చారు కదా. కొండవాలు ఇళ్లలో ఉన్నవారి సంగతి మరీ కష్టం. మోకాళ్లు మొరాయిస్తే మెట్లు దిగలేరు. కింద మస్జిద్ నుంచి అజాన్ వినిపిస్తూనే ఉంటుంది, జమాత్‌కు రాలేరు.

వృద్ధాశ్రమం కట్టించమని కొందరు దాతలు అంటుంటారు. కట్టడమంటే అందరికీ ఇష్టం, గోడమీద పేరుంటుంది. పెద్దలు కోరేది మాత్రం సొంత గుమ్మం, సొంత పొయ్యి, తెలిసిన పొరుగు. వాళ్లకు కావలసినవి చిన్నవి. స్నానాలగదిలో పట్టుకోవడానికి ఒక కమ్మీ, జారని నేల, రాత్రి వెలుగు, బీపీ చూసి మాత్రలు సర్దిపెట్టే చెయ్యి, వారానికి రెండుసార్లు తలుపు తట్టే మనిషి. ఆ ఆఖరిది డబ్బు పెట్టి బజారులో కొనేది కాదు.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదనడం న్యాయం కాదు. 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలైంది, సచివాలయ సిబ్బంది ఇంటికి తెచ్చి ఇస్తున్నారు. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 రూపాయల పింఛను ఉంది. దానికి వైద్యుల ధ్రువపత్రం కావాలి. కొండమీది ఇంటినుంచి ఆ మనిషిని కిందికి దించి ఆసుపత్రికి తీసుకెళ్లేదెవరు? హక్కు కాగితం మీద ఉండి, మెట్ల దగ్గర ఆగిపోతోంది. 14567 అనే వృద్ధుల సహాయ నంబరు ఉందని కూడా చాలా ఇళ్లలో తెలియదు.

ఇది కాని పని కాదని కేరళ చూపించింది. 1993లో కోజికోడ్‌లో కొందరు వైద్యులు, మిత్రులు పాలియేటివ్ కేర్ సొసైటీ పెట్టారు. ఆసుపత్రికి రాలేనివారికి అది చాలలేదు. 2000 తర్వాత మలప్పురం జిల్లాలో, మన సోదరులు పెద్ద సంఖ్యలో ఉన్నచోట, ఇరుగుపొరుగువారే జట్లుగా ఏర్పడి శిక్షణ తీసుకుని ఇళ్లకు వెళ్లడం మొదలుపెట్టారు. నర్సు జీతానికీ బండి ఖర్చుకూ ఊరివాళ్ల చిన్న చిన్న చందాలే ఆధారం. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వమే దీనికొక విధానం ప్రకటించింది. ముందు నడిచింది జనం, తర్వాత వచ్చింది సర్కారు.

ఇక సొమ్ము మాట. జకాత్ నుంచి ఇది చేయొచ్చా అని సభ్యులు అడుగుతున్నారు. మనలో ఎక్కువమంది అనుసరించే హనఫీ పద్ధతిలో జకాత్ సొమ్ము హక్కుదారుడి చేతికి, అతని సొంతంగా చేరాలి. కాబట్టి హక్కుదారులైన పేద పెద్దల మందులకూ రేషనుకూ వాళ్ల చేతికే ఇద్దాం. ఇళ్లకు వెళ్లే మనిషి జీతం, ఆటో కిరాయి, బీపీ మిషను మాత్రం లిల్లాహ్, సదఖా సొమ్ములోంచే రావాలి. మనకు కొరత అక్కడే. రమజాన్‌లో ఒక్కసారి వచ్చే పెద్ద మొత్తం కంటే నెలనెలా వచ్చే వంద రూపాయలు ఈ పనికి ఎక్కువ అక్కరకొస్తాయి, ఎందుకంటే జీతం నెలనెలా ఇవ్వాలి. అదే వీధిలోని ఒక వితంతు సోదరికి ఆ పని ఇస్తే రెండిళ్లు నిలబడతాయి. ఒంటరి స్త్రీల ఇళ్లకు స్త్రీలే వెళ్లాలన్నది కూడా మేం పట్టుబట్టే షరతు.

కంపెనీల చట్టం 2013లోని సామాజిక బాధ్యత జాబితాలో వృద్ధుల సదుపాయాలు ఉన్నాయి. ఈ ఊళ్లో పెద్ద పరిశ్రమలకు కొదవ లేదు. అడగాలంటే ముందు మన లెక్కలు ఆడిట్ అయి ఉండాలి, సీఎస్ఆర్-1 నమోదు ఉండాలి, ఏ వీధిలో ఎంతమంది పెద్దలున్నారో మన దగ్గర జాబితా ఉండాలి. జాబితా లేకుండా వెళ్లి చేయి చాపితే ఎవరూ వినరు.

ఆ జాబితాలో మతం గడి పెట్టడం లేదు. పొరుగువాడి హక్కు గురించి దైవప్రవక్త (స) అంత గట్టిగా చెప్పాక ఆ గడి ఎందుకు? మన పెద్దమ్మ జారిపడితే ముందు పరుగెత్తుకొచ్చేది చాలాసార్లు పక్కింటి హిందూ కుటుంబమే. జట్టులోకి వాళ్లనూ పిలుద్దాం. వార్డు సచివాలయం నర్సమ్మను, మందుల షాపు యజమానిని, రిటైరైన షిప్‌యార్డు ఉద్యోగులను కూడా.

తలుపు దగ్గర బల్లమీద ఒక పుస్తకం పెట్టాం. పేరు, వీధి, వారంలో ఏ రోజు ఒక గంట వీలవుతుంది, నెలకెంత ఇవ్వగలరు, ఇవే గడులు. డబ్బు గడి ఖాళీగా వదిలినా పర్వాలేదు, రోజు గడి మాత్రం నింపి వెళ్లండి.